పరాయి నేలపై నలభై ఏళ్లు: సర్ థామస్ మన్రో జీవితం

పుట్టిన ఊరు వదిలి, కన్నవారిని వదిలి, సముద్రాలు దాటి వెళ్లి సంపాదించుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లె, వాయల్పాడు, పీలేరు, రాయచోటి వైపు ఏ వీధికి వెళ్లినా కువైట్‌లోనో, సౌదీలోనో పనిచేసే కొడుకో, అల్లుడో, భర్తో ఉన్న ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. నెల నెలా డబ్బు వస్తుంది. మనిషి మాత్రం ఏ రెండేళ్లకో ఒకసారి వస్తాడు. అక్కడ అతను ఎలా ఉంటున్నాడో, ఏం తింటున్నాడో, ఎక్కడ పడుకుంటున్నాడో ఇంట్లో వాళ్లకు తెలిసేది చాలా తక్కువ.

రెండు వందల ఏళ్ల క్రితం ఈ ప్రయాణం ఎదురు దిక్కులో సాగింది. చల్లని దేశాల నుంచి పడుచు కుర్రాళ్లు ఓడలెక్కి, మన ఎండల్లోకి ఉద్యోగాల కోసం వచ్చేవారు. వారిలో చాలామంది పేర్లు చరిత్రలో లేవు. కానీ ఒక పేరు మాత్రం రాయలసీమ జనం నోట నేటికీ మిగిలి ఉంది. తిరుమల ఆలయంలో ఒక పెద్ద వంటపాత్రను మన్రో గంగాళం అంటారు. గుత్తి, పత్తికొండ ప్రాంతాల్లో ఆయన పేరు తెలియని పెద్దలు తక్కువ. చెన్నైలో మౌంట్ రోడ్డు దగ్గర గుర్రం మీద కూర్చున్న ఆయన విగ్రహం ఉంది. ఆయనే సర్ థామస్ మన్రో.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. మన్రో మనకు అతిథిగా రాలేదు. ఈ దేశాన్ని యుద్ధాలతో, ఒప్పందాలతో ఆక్రమించుకున్న ఈస్టిండియా కంపెనీకి నౌకరుగా వచ్చారు. హైదర్ అలీ మీద, ఆ తరువాత టిప్పు సుల్తాన్ మీద జరిగిన యుద్ధాల్లో కంపెనీ పక్షాన పోరాడారు. అటువంటి మనిషిని ఇక్కడి రైతులు తరతరాలుగా ఎందుకు గుర్తుపెట్టుకున్నారు? పరాయి నేలపై ఆయన ఎలా బ్రతికారు? ఆ బ్రతుకు కోసం ఏం పోగొట్టుకున్నారు? ఈ సంగతులు తెలుసుకోవడం మనకు మేలు చేస్తుంది.

దివాలా తీసిన ఇల్లు

మన్రో 1761 మే 27న స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో జన్మించారు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవారు. కుటుంబం బాగానే బ్రతికింది. చిన్నతనంలో వచ్చిన జబ్బు వల్ల థామస్‌కు వినికిడి కొంత తగ్గింది. ఆ లోపం జీవితాంతం ఆయన వెంటే ఉంది. చదువంటే మాత్రం ఎంతో ఇష్టం. ఒక స్పానిష్ నవలను మూల భాషలోనే చదవాలన్న కోరికతో పదహారేళ్ల వయసులో తనంతట తాను ఆ భాష నేర్చుకున్నారు.

1775లో అమెరికాలో స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. పొగాకు వ్యాపారం కుప్పకూలింది. మన్రో తండ్రి దివాలా తీశారు. ఒక వర్తక సంస్థలో లెక్కలు రాస్తున్న కుర్రవాడు ఇక దేశం విడిచి వెళ్లక తప్పలేదు. కంపెనీ సైన్యంలో శిక్షణలో ఉండే కేడెట్‌గా నియామకం దొరికింది. 1779లో ఓడ ఎక్కి, 1780 జనవరి 15న మద్రాసులో దిగారు. అప్పటికి ఆయన వయసు పద్దెనిమిదేళ్లు.

దిగిన తొలి రోజుల్లోనే ఆయనకు ఒక పాఠం దొరికింది. పెద్దమనిషిలా కనిపించిన ఒక నౌకరు చేతిలో మంచి మంచి యోగ్యతా పత్రాలతో వచ్చి పనిలో చేరాడు. విలాయతు నుంచి తెచ్చుకున్న బట్టలు ఈ ఎండకు పనికిరావని, వాటికి బదులు ఇక్కడికి తగినవి కుట్టించుకొస్తానని నమ్మించాడు. బట్టలు, వాటితోపాటు కొంత డబ్బు పట్టుకుని వెళ్లిన మనిషి మళ్లీ కనిపించలేదు. పరాయి ఊళ్లో కొత్తగా దిగిన వాడిని వెతుక్కుంటూ వచ్చే మోసగాళ్లు అన్ని కాలాల్లోనూ ఉన్నారు.

పుస్తకమే తలగడ

ఇండియాకు వెళ్లిన వాడు నవాబులా బ్రతుకుతాడని ఆ రోజుల్లో విలాయతులో అందరూ అనుకునేవారు. మన్రో చెల్లెలు కూడా అలాగే ఊహించుకున్నారు. ఆ భ్రమ తొలగించడానికి 1789లో ఆయన ఆమెకు ఒక సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. అందులో చెప్పిన సంగతులు చదివితే, గల్ఫ్‌లో ఒక్క గదిలో పదిమందితో సర్దుకుంటున్న మన పిల్లలు గుర్తుకు రాక మానరు.

ఆకలి, దప్పిక, అలసట, పేదరికం అంటే ఏమిటో ఇండియాకు వచ్చాకే ఆయనకు తెలిసింది. వచ్చిన మొదటి మూడేళ్లూ తలగడ అంటూ లేదు. పుస్తకమో, తూటాల సంచో తల కింద పెట్టుకుని పడుకునేవారు. నాలుగు కర్రలకు బిగించిన కాన్వాసు గుడ్డే మంచం. ఇంటి నుంచి తెచ్చుకున్న పెద్ద కోటే కంబళి. చలి రోజుల్లో ఆ కోటు చేతుల్లోకి కాళ్లు దూర్చి, కింది అంచును తలమీదికి లాక్కుని పడుకునేవారు. బట్టలు ఒకచోట బాగుచేయిస్తే మరోచోట చినిగేవి. చిత్తూరుకు దగ్గర్లోనే ఉన్న వేలూరులో ఆయన ఇల్లు ఒక హాలు, ఒక పడకగది. హాలులో ఉన్న సామాను ఒక్క బల్ల. ఇంటి మొత్తానికి ఒక్కటే కుర్చీ.

ఇంత ఇబ్బందిలోనూ ఆయన ఇంటిని మరువలేదు. ఇండియాకే వచ్చిన సోదరునితో కలిసి దివాలా తీసిన తండ్రికి ఏటా వంద పౌన్లు పంపే ఏర్పాటు చేశారు. తన దగ్గర మిగిలాక పంపుదామని ఆగలేదు. తన తిండి, బట్ట తగ్గించుకుని పంపారు. తల్లిదండ్రుల హక్కు గుర్తించిన కొడుకు ఏ జాతి వాడైనా గౌరవించదగినవాడే.

శత్రువులోని మంచిని చూసిన కన్ను

మన్రో వచ్చిన ఏడాదే హైదర్ అలీ సైన్యం కర్ణాటకం మీదికి దిగింది. 1780 సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర కల్నల్ బెయిలీ దళం తుడిచిపెట్టుకుపోయింది. ఆ సమయంలో మన్రో కంచి దగ్గర ఉన్న కంపెనీ సేనలో ఉన్నారు. నాలుగేళ్లపాటు ఆ యుద్ధంలోనే తిరిగారు. 1782 డిసెంబరు 7న హైదర్ అలీ కన్నుమూసింది కూడా మన చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట విడిదిలోనే.

తమ సైన్యాన్ని ఇన్నిసార్లు ఓడించిన మైసూరు రాజ్యం గురించి మన్రో అభిప్రాయం గమనించదగినది. 1790 ప్రాంతంలో రాసిన ఉత్తరాల్లో ఆయన మైసూరు పాలనను నిశితంగా పరిశీలించారు. అది నిరంకుశ పాలనే అంటూనే, అక్కడ పెద్ద వంశంలో పుట్టినంత మాత్రాన పదవి దక్కదని, సామాన్య కుటుంబాల నుంచి ఎదిగిన వారే ఎక్కువ పదవుల్లో ఉన్నారని, న్యాయం అన్ని తరగతుల వారికీ పక్షపాతం లేకుండా కఠినంగా జరుగుతుందని, ఆ క్రమపద్ధతికి హైదర్ ప్రతిభే కారణమని ఒప్పుకున్నారు. అంత బలమైన రాజ్యం కంపెనీకి ప్రమాదం కనుక దాన్ని అణచాలన్నది ఆయన ముగింపు. ఆ ముగింపుతో మనం ఏకీభవించలేం. అయినా శత్రువు గురించి నిజం చెప్పగలగడం చిన్న గుణం కాదు.

భాష నేర్చిన పరదేశి

కంపెనీ నౌకర్లలో చాలామంది దుబాసీల మీద ఆధారపడి కాలం గడిపేవారు. రైతు ఏం చెప్పాడో, దుబాసీ ఏం చెప్పాడో వారికి తెలిసేది కాదు. మన్రో ఆ దారిలో నడవలేదు. ఖాళీ దొరికినప్పుడల్లా మున్షీల దగ్గర కూర్చుని హిందుస్తానీ, పారశీకం నేర్చుకున్నారు. ఒక పారశీక రాతప్రతిలో ఆయనకు అప్పు పత్రం, మాంసం కోత, ఖాజీ తీర్పు ఉన్న ఒక కథ కనిపించింది. షేక్స్‌పియర్ రాసిన వెనిస్ వర్తకుడి కథకు అది ఎంతో దగ్గరగా ఉంది. మన్రో చేసిన దాని అనువాదాన్ని షేక్స్‌పియర్ నాటకాల సంపాదకుడు ఎడ్మండ్ మలోన్ అచ్చువేశారు.

ఆ చదువే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. 1792లో టిప్పు సుల్తాన్ నుంచి సేలం వైపున్న బారామహల్ ప్రాంతం కంపెనీకి వచ్చింది. దాన్ని పాలించడానికి స్థానిక భాషలు తెలిసిన సివిల్ అధికారులు దొరకలేదు. గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ సైనికాధికారి అలెగ్జాండర్ రీడ్‌కు ఆ పని అప్పగించి, మన్రోను ఆయనకు సహాయకుడిగా వేశారు. ధర్మపురిలో మన్రో ఒక తోట వేసుకున్నారు. పైర్ల మధ్య, రైతుల మధ్య గడిచిన ఆ ఏడేళ్లను తరువాతి కాలంలో ఆయన ఎప్పుడూ ప్రేమగా తలచుకునేవారు. 1799లో శ్రీరంగపట్నం పతనమయ్యాక కెనరా జిల్లాకు పంపారు. అక్కడ ఎడతెరిపి లేని వానలు, ఊపిరి సలపని పని. అక్కడినుంచి తప్పించమని ఆయనే పైవారిని వేడుకున్నారు. అలా 1800లో మన సీమకు వచ్చారు.

డేరాయే ఇల్లు

1800 అక్టోబరులో హైదరాబాదు నిజాం బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను కంపెనీకి వదులుకున్నాడు. ఆంగ్లేయుల సైన్యాన్ని పోషించే ఖర్చు కింద జరిగిన అప్పగింత అది. అందుకే వీటికి దత్త మండలాలు అన్న పేరు వచ్చింది. 1928లో రాయలసీమ అన్న పేరు పెట్టేవరకు ఆ మాటే వాడుకలో ఉంది. మదనపల్లె, వాయల్పాడు, గుర్రంకొండ అప్పట్లో ఈ దత్త మండలాల్లోనివే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప నుంచి అందులో కలిశాయి. తిరుపతి, చిత్తూరు మాత్రం ఆనాడు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. మన్రో కలెక్టరు అధికారం అక్కడికి చేరలేదు. ఆ ప్రాంతం ఆయన కిందికి వచ్చింది 1820లో గవర్నరు అయ్యాకే. గంగాళానికి ఆయన పేరు రావడం వెనుక రకరకాల కథలు చెబుతారు. ఆ ఆలయ ఖర్చుల జాబితాలో ఒక పరదేశి పేరు నిలిచిపోయిందన్నది మాత్రం అందరికీ తెలిసిన విషయం.

దశాబ్దాల యుద్ధాలతో దత్త మండలాలు చితికిపోయి ఉన్నాయి. సుమారు ఎనభైమంది పాలెగాండ్రు వేలకొద్దీ బంట్లతో ఎవరి కోటలో వారు ఉన్నారు. రైతు పంట పండిస్తే ఎవరికి ఎంత కట్టాలో తెలియదు. మన్రోకు ఇచ్చిన సహాయకులు నలుగురే. ఆయన ఒక పెద్ద బంగళాలో కూర్చుని పాలించాలని అనుకోలేదు. ఏడాదిలో ఎక్కువ భాగం డేరాలోనే గడిపారు. ఒక ఊరి నుంచి మరో ఊరికి సాగిపోయేవారు. తెల్లవారక ముందే డేరా ముందు రైతులు, కరణాలు, రెడ్లు గుమిగూడేవారు. ఎండ నడినెత్తికి వచ్చినా, పొద్దు గుంకినా ఆ గుంపు తరిగేది కాదు. ఎవరి పొలం ఎంత, నేల ఎటువంటిది, బావి ఉందా, చెరువు నీరు వస్తుందా అని ఒక్కొక్కరి మాటా విని లెక్క కట్టించేవారు. కుటుంబం లేదు. మాట్లాడుకోవడానికి తన భాష మనుషులు అరుదు. ఉత్తరం పంపితే జవాబు రావడానికి ఏడాది దాటేది.

1802లో మొదలుపెట్టిన భూముల సర్వే కొన్నేళ్లు సాగింది. జమీందారులను, ఇజారాదారులను మధ్యలో పెట్టకుండా, ప్రభుత్వమే ఒక్కొక్క రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతిని ఈ నేలపైనే ఆయన గట్టిగా నిలబెట్టారు. రైతు చేతికి పట్టా వచ్చింది. తాను కట్టవలసింది ఎంతో ముందే తెలిసింది. పాలెగాండ్రను సైన్యంతో అణచివేసి, వారి బంట్లను చెదరగొట్టారు. ఆ అణచివేత నెత్తురు చిందకుండా జరిగింది కాదు. ఏడేళ్లలో కంపెనీకి వచ్చే శిస్తు దాదాపు సగం పెరిగింది.

తాను వేసిన పన్నును తానే తప్పుపట్టిన అధికారి

ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. శిస్తు పెరిగినందుకు కంపెనీ సంతోషించింది. మన్రోకు మెప్పు వచ్చింది. మరొకరైతే అక్కడితో ఆగి, బిరుదులు తీసుకుని ఇంటికి వెళ్లేవారు. కానీ పొలాల వెంట తిరిగిన మనిషికి నిజం కనిపించింది. రైతు పండించిన దానిలో సుమారు 45 శాతం శిస్తు కింద పోతోంది. అంత బరువు మోస్తూ రైతు ఎప్పటికీ ఎదగలేడు. భూమిని సొంత ఆస్తిలా చూసుకోలేడు.

1807లో పదవి దిగిపోయే ముందు మన్రో పైవారికి తన సిఫారసు పంపారు. శిస్తును నాలుగో వంతు తగ్గించాలి. రైతు తనకు ఇష్టమైన భూమిని ఉంచుకోవచ్చు, భారమైన భూమిని వదులుకోవచ్చు. బలవంతంగా సాగు చేయించకూడదు. ఇదీ ఆ సిఫారసు సారాంశం. కంపెనీకి ఆదాయం తగ్గుతుందని తెలిసే ఆయన ఇలా రాశారు. పైవారు ఒప్పుకోలేదు. ఆయన వెళ్లిపోగానే రైత్వారీని పక్కన పెట్టి గ్రామాలను గుత్తలకు ఇచ్చారు. ఆ గుత్తలతో ఎన్నో ఊళ్లు నష్టపోయాయి. పదమూడేళ్ల తరువాత మన్రోయే గవర్నరుగా తిరిగి వచ్చాక గాని ఆ తగ్గింపు రైతుకు అందలేదు.

తన చేతితో వేసిన భారం ఎక్కువైందని గ్రహించి, దాన్ని తగ్గించమని యజమానికే చెప్పడం సామాన్యమైన విషయం కాదు. తన పనికి వచ్చిన మెప్పును తానే పక్కన పెట్టి, నోరు లేని వారి తరఫున మాట్లాడాలి. సీమ రైతు మన్రోను గుర్తుపెట్టుకోవడానికి మూలం ఇక్కడే ఉంది.

సొంత ఊళ్లో పరాయివాడు

1807లో బయలుదేరి, ఇరవై ఎనిమిదేళ్ల తరువాత మన్రో స్వదేశంలో కాలు పెట్టారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడిగా వెళ్లి, నడివయసు దాటిన మనిషిగా వచ్చారు. ప్రవాసి ఎన్నో ఏళ్లు కలలు కన్న రోజు అది. కానీ చాలామంది ప్రవాసులకు ఎదురయ్యేదే ఆయనకూ ఎదురైంది. వదిలి వెళ్లిన ఊరు వదిలినట్టు లేదు. స్నేహితులు చెదిరిపోయారు. చెవుడు పెరగడంతో నలుగురి మధ్య కూర్చున్నా మాటలు అందేవి కావు. ఒంటరి నడకలోనే ఆయనకు హాయి దొరికింది.

గ్లాస్గో శివార్లలో కెల్విన్ ఏటి ఒడ్డున నార్త్‌సైడ్ అన్న చోట ఆయన బాల్యం గడిచింది. ఒక రోజు వాన కురుస్తుండగా, పండుటాకులు రాలుతుండగా అక్కడికి వెళ్లి, ఏటి ఆనకట్ట మీద నుంచి దూకుతున్న నీళ్లను గంటకు పైగా చూస్తూ నిలబడిపోయారు. నీటి శబ్దం, గాలి శబ్దం మారలేదు. మిగిలినవన్నీ మారిపోయాయి. ఇక్కడ ఉన్నంతకాలం అక్కడి మనిషి, అక్కడికి వెళ్లాక ఇక్కడి మనిషి. ప్రవాసం మనిషికి చేసే గాయం ఇదే.

1813లో ఇండియా వ్యవహారాల మీద బ్రిటిష్ పార్లమెంటు సభ విచారణ జరిపినప్పుడు మన్రో సాక్ష్యం చెప్పారు. హిందుస్తానం వారికి నాగరికత నేర్పాలన్న గర్వం అప్పుడు అక్కడ బాగా ఉండేది. మన్రో ఆ గర్వాన్ని ఒప్పుకోలేదు. ఇక్కడి వ్యవసాయ నైపుణ్యాన్ని, చేతిపనులను, ఊరూరా ఉన్న బడులను, అతిథి మర్యాదను ఒక్కొక్కటిగా వివరించారు. నాగరికత అనేది రెండు దేశాల మధ్య సరుకులా మారితే, దాన్ని దిగుమతి చేసుకుని లాభపడేది ఇంగ్లండేనని తేల్చి చెప్పారు. పరాయి నేల ఉప్పు తిన్నవాడు ఆ నేల గురించి తన వారి ముందు నిజం చెప్పాలి. మన్రో ఆ పని చేశారు.

బడుల లెక్క తీసిన గవర్నరు

1814లో మన్రో జేన్ క్యాంప్‌బెల్‌ను వివాహమాడారు. అప్పటికి ఆయనకు యాభై మూడేళ్లు నిండవస్తున్నాయి. అదే ఏడాది భార్యతో మళ్లీ మద్రాసు చేరి, న్యాయపాలనను సంస్కరించే సంఘానికి పెద్దగా పనిచేశారు. 1819లో స్వదేశానికి వెళ్తుండగా ఓడలోనే మొదటి కొడుకు పుట్టాడు. ఇక విశ్రాంతి దొరుకుతుంది అనుకునే లోపే మద్రాసు గవర్నరు పదవి వచ్చింది. పసివాడిని బంధువుల దగ్గర వదిలి దంపతులు మళ్లీ ఓడ ఎక్కారు.

గవర్నరుగా ఆయన చేసిన పనుల్లో మన కుటుంబాలు తప్పక తెలుసుకోవలసింది ఒకటి ఉంది. 1822లో రాజధాని పరిధిలోని అన్ని జిల్లాల్లో బడులు ఎన్ని, చదివే పిల్లలు ఎంతమంది అని లెక్క తీయించారు. ఆ పట్టికలో కులాల వారీగా, ముస్లిం పిల్లలకు వేరుగా, బాలురకు, బాలికలకు వేరువేరుగా గడులు పెట్టించారు. 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్టు తేలింది. ఇళ్లలో చదువుకునే వారిని కూడా కలిపితే బడి వయసు బాలురలో సుమారు మూడో వంతు మందికి చదువు అందుతోందని ఆయన అంచనా వేశారు. బాలికల సంఖ్య మాత్రం చాలా తక్కువ.

1826లో ఆయన ఒక ప్రణాళిక ఇచ్చారు. ప్రతి జిల్లాలో హిందువులకు ఒకటి, ముస్లింలకు ఒకటి చొప్పున రెండు పెద్ద బడులు పెట్టాలి. వాటి కింద తాలూకా స్థాయిలో మరో మూడు వందల బడులు ఉండాలి. వాటికి ప్రభుత్వమే జీతాలివ్వాలి. ఆయన మరణించాక ఆ పని పట్టించుకునే వారు లేకపోయారు. పదేళ్లు తిరిగేసరికి ఆ ప్రణాళికే మూలపడింది. అది నిలిచి ఉంటే చదువులో మన వెనుకబాటు ఇంతగా ఉండేది కాదేమో.

ఈ దేశస్థులను పెద్ద ఉద్యోగాలకు దూరంగా ఉంచడం ఒక జాతినే దిగజార్చడమని ఆయన పదే పదే రాశారు. ఈ ప్రజలు తమను తాము పాలించుకునే స్థితికి చేరిన రోజున బ్రిటిష్ వారు అధికారం వదులుకోవడమే మంచిదని 1824 డిసెంబరు 31న రాసిన పత్రంలో చెప్పారు. అదే మనిషి పత్రికలకు స్వేచ్ఛ ఇవ్వడాన్ని మాత్రం వ్యతిరేకించారు. పరాయి పాలన, స్వేచ్ఛగల పత్రికలు ఒకచోట ఇమడవన్నది ఆయన వాదన. తాను నిలబడిన పునాది న్యాయమైనది కాదని ఆయనకు లోపల తెలుసునని దీన్నిబట్టి అనిపిస్తుంది.

ఖాళీ అయిన ఇల్లు

1823లో మద్రాసులో రెండో కొడుకు పుట్టాడు. అరవై దాటిన తండ్రికి ఆ పిల్లవాడే లోకం. అప్పటికే ఆయన పదవి నుంచి తప్పుకుంటానని పైవారికి రాశారు. ఇంతలో బర్మా యుద్ధం వచ్చింది. ఆ సమయంలో వదిలి వెళ్లడం సరికాదని ఆగిపోయారు. 1826లో పిల్లవాడి ఆరోగ్యం దెబ్బతింది. చల్లని దేశానికి తీసుకువెళ్లాలన్నారు. భార్య పిల్లవాడిని తీసుకుని ఓడ ఎక్కింది. మన్రో ఒడ్డున మిగిలిపోయారు.

లక్షలమందిని పాలించే గవర్నరు సాయంకాలం గిండీ తోటలోకి వెళితే పిల్లవాడు ఆడుకున్న చోట్లు, తిరిగిన గదులు ఖాళీగా కనిపించేవి. ఆ ఖాళీ గురించి భార్యకు ఉత్తరాలు రాస్తూ రోజులు లెక్కపెట్టుకున్నారు. తన స్థానంలో కొత్త గవర్నరు ఎప్పుడు వస్తాడా అని ఎదురుచూశారు. లండనులో పెద్దలు నెలల తరబడి తేల్చలేదు. యాభై ఏళ్ల క్రితం తలగడ లేని కేడెట్‌కూ, మేడలో ఉన్న గవర్నరుకూ బాధ ఒక్కటే. తనవాళ్లు దూరంగా ఉన్నారు.

పత్తికొండలో చివరి మజిలీ

1827 వేసవిలో, వెళ్లిపోయే ముందు తాను మొదట్లో డేరాలు వేసుకుని తిరిగిన దత్త మండలాలను ఒక్కసారి చూసి రావాలని మన్రో బయలుదేరారు. అప్పుడు ఆ ప్రాంతంలో కలరా తిరుగుతోంది. జులై మొదటి వారంలో గుత్తి చేరారు. ఆయన పరివారంలో కొందరికి జబ్బు సోకింది. జులై 6 ఉదయం పత్తికొండలో మజిలీ చేశారు. కాసేపటికే ఆయనకూ కలరా వచ్చింది. జబ్బు అంటుకుంటుందని, తన దగ్గర ఉండవద్దని చుట్టూ ఉన్నవారిని హెచ్చరిస్తూనే ఉన్నారు. ఆ రాత్రే కన్నుమూశారు. వయసు అరవై ఆరేళ్లు. ఆయన స్థానంలోకి వచ్చే కొత్త గవర్నరు మద్రాసు చేరడానికి ఇంకా మూడు నెలల వ్యవధి ఉంది.

మృతదేహాన్ని గుత్తికి తీసుకువెళ్లి ఖననం చేశారు. 1831లో మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. గుత్తిలో బాటసారుల కోసం ఆయన పేరున ఒక సత్రం కట్టారు. పత్తికొండలో మెట్లతో నీటి కట్టడం తవ్వించి, చుట్టూ చెట్లు నాటారు. మద్రాసులోని విగ్రహం 1839లో వచ్చింది. ఊళ్లలో కొందరు తమ పిల్లలకు మన్రో పేరు కలిసేలా పేర్లు పెట్టుకున్నారు.

మనం గ్రహించవలసింది

మన్రో జీవితాన్ని రెండు కళ్లతోనూ చూడాలి. ఆయన ఆక్రమించిన కంపెనీ సేవకుడు. ఆ కంపెనీ మన రైతు దగ్గర తీసుకున్నది చాలా ఎక్కువ. దాన్ని ఆయన మంచితనం చెరిపివేయలేదు. అయితే ఆ సేవలో ఉంటూనే ఆయన మూడు పనులు చేశారు. తాను బ్రతికే నేల భాష నేర్చుకున్నారు. అక్కడి మనుషుల మాట స్వయంగా విన్నారు. తన చేతి మీదుగా అన్యాయం జరుగుతోందని తెలిసినప్పుడు యజమానికి ఆ మాట చెప్పారు. చేతిలో ఉన్న అధికారం ఒక అమానతు. దాని లెక్క ఒక రోజు ఇవ్వాలని నమ్మే మనం, ఒక పరాయి పాలకుడు తన లెక్క తానే సరిచూసుకున్న తీరును తేలికగా తీసుకోరాదు.

ఇతర రాష్ట్రాలకో, దేశాలకో వెళ్లిన మన సోదరులకు ఇందులో పాఠం ఉంది. పనిచేసే చోటి భాష నాలుగు ముక్కలైనా నేర్చుకుంటే మోసపోయే అవకాశం తగ్గుతుంది. అక్కడి మనుషుల్లో మంచిని చూడగలిగితే ఒంటరితనం తగ్గుతుంది. మన కింద పనిచేసేవాడు తనకంటే పేద దేశం నుంచి వచ్చినవాడైతే, అతనికి చెందవలసిన కూలి పూర్తిగా చెందేలా మాట్లాడటం మన బాధ్యత.

ఇంట్లో ఉన్నవారికీ పాఠం ఉంది. పంపిన డబ్బు వెనుక తలగడ లేని రాత్రులు ఉంటాయి. ఆ డబ్బును పెళ్లిళ్ల ఆడంబరానికి, పక్కవారికి చూపించుకోవడానికి ఖర్చు చేసి, ఇంకొంచెం సంపాదించి రమ్మని మళ్లీ పంపే ముందు ఒకసారి ఆలోచించాలి. మన్రో ఒక ఏడాది ఆగుదామనుకున్నారు, ఆ తరువాత యుద్ధం ముగిసేదాకా అనుకున్నారు, ఆ తరువాత కొత్త గవర్నరు వచ్చేదాకా అనుకున్నారు. తిరిగి వెళ్లే ఓడ ఆయనకు దొరకలేదు. తండ్రి ఒళ్లో కూర్చోవలసిన వయసు పిల్లలకు ఒక్కసారే వస్తుంది. చాలినంత సంపాదించాక తిరిగి వచ్చేయమని చెప్పగలిగేది ఇంట్లో వాళ్లే. ఆ మాట సకాలంలో చెప్పాలి.